గెల తూకమా... గెల ధరా?

ఎకనమిక్స్ ఆనర్స్, బీకాం ఆనర్స్: అశ్వారావుపేట పిల్లల ముందున్న రెండు దారులు

అశ్వారావుపేట రైతు చేతికి పామాయిల్ గెలల ధర అందేది ఇక్కడే. ఆ ధర పుట్టేది మాత్రం ఇక్కడ కాదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన పామాయిల్ ఎగుమతులు ఆపేసింది, మే 23న మళ్లీ తెరిచింది. ఆ వేసవిలో మన దగ్గర టన్ను గెలలు 20 వేల రూపాయలు దాటాయి. తర్వాత ఆ ధర నిలవలేదు. 2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద మొత్తం దిగుమతి సుంకాన్ని 5.5 నుంచి 27.5 శాతానికి పెంచింది. రైతుకు ఊరట దొరికింది. 2025 మే నెలాఖరులో దాన్నే 16.5 శాతానికి దించింది. జకార్తాలో ఒక సంతకం, ఢిల్లీలో ఒక నోటిఫికేషన్. ఆ రెంటి మధ్య దమ్మపేట, అశ్వారావుపేట తోటల్లో కూతురి పెళ్లి ఈ ఏడా, వచ్చే ఏడా అన్నది తేలిపోతుంది.

ఇలా ఎందుకు జరిగిందని అడిగే చదువు పేరు ఎకనమిక్స్.

ఇక గెలల ట్రాక్టరు నూనె ఫ్యాక్టరీ గేటు దాటి కాటా ఎక్కుతుంది. తూకం చీటీ చేతికొస్తుంది. గెల ధర ప్రధానంగా రెండు అంకెల మీద నడుస్తుంది: ముడి నూనె ధర ఎంత, గెలలో నూనె శాతం ఎంత. ఆ శాతంలో ఒక్క అంకె తేడా వస్తే 100 టన్నుల గెలల మీద టన్ను నూనె లెక్క మారిపోతుంది. ఆ శాతం ఎలా కట్టారు, ఫ్యాక్టరీ పుస్తకాల్లో ఎంత చూపించారు, రైతు ఖాతాలో పడింది సరిపోయిందా అని పట్టిపట్టి చూసే చదువు అకౌంటింగ్. ఆయిల్‌ఫెడ్ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్లో పుట్టిన పిల్లలకు ఈ రెండు చదువుల తేడా చెప్పడానికి పాఠ్యపుస్తకం అక్కర్లేదు. వాళ్ల నాన్న జేబులోని చీటీ చాలు.

అయినా ఇంటర్ ఫలితాలొచ్చాక ఇళ్లలో నడిచే మాట వేరు. "బీకాం అయితే ఏదో ఒక షాపులోనో ఆఫీసులోనో లెక్కలు రాసుకుని బతుకుతాడు. ఎకనమిక్స్ చదివి ఏం చేస్తాడు?" ఈ మాట అనేవాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదు. రెండెకరాల తోట, పోడు భూమి మీద వచ్చే రాబడితో పిల్లను హాస్టల్లో ఉంచిన తల్లి ఆ ప్రశ్న అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి. దానికి సూటిగా జవాబు చెప్పాలి.

ఈ రెండు చదువులనూ పక్కపక్కన పెట్టి చూడాలంటే ఢిల్లీ యూనివర్సిటీలోని శ్రీరామ్ కాలేజ్ ఆఫ్ కామర్స్‌ను మించిన చోటు లేదు. 1926లో మొదలైన ఆ కాలేజీలో డిగ్రీ స్థాయిలో ఉన్నవి రెండే కోర్సులు: బీకాం ఆనర్స్, బీఏ ఎకనమిక్స్ ఆనర్స్. 2021లో మార్కుల కటాఫ్ పద్ధతి చివరిసారి నడిచినప్పుడు తొలి జాబితాలో ఈ రెంటికీ 100 శాతం అడిగారు. మరుసటి ఏడాది నుంచి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ వచ్చింది. ఆ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు. కటాఫ్ రోజుల్లో ఢిల్లీ పేరెత్తడానికే జంకిన పిల్లలకు ఇది చిన్న మార్పు కాదు. పైగా కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎస్టీలకు 7.5 శాతం, ఎస్సీలకు 15 శాతం, ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి. అశ్వారావుపేట ఎస్టీ రిజర్వుడు నియోజకవర్గం. కోయ, లంబాడా ఇళ్లలో ఈ అంకెలు తెలిసినవాళ్లు ఎంతమంది ఉన్నారన్నదే నా బెంగ.

అసలు తలుపు మాత్రం ఢిల్లీలో లేదు, పదో తరగతి అయిపోయిన వేసవిలో ఉంది. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనమిక్స్ ఆనర్స్ కావాలంటే ఇంటర్‌లో లెక్కలు చదివి ఉండాలి, సీయూఈటీలో లెక్కల పేపరు రాసి ఉండాలి. బీకాం ఆనర్స్‌కు లెక్కలైనా చాలు, అకౌంటెన్సీ అయినా చాలు. అంటే ఇంటర్‌లో లెక్కలున్న ఎంఈసీ తీసుకున్న అమ్మాయికి రెండు తలుపులూ తెరిచే ఉంటాయి. లెక్కలు లేని సీఈసీ తీసుకున్న అమ్మాయికి ఒకటి అప్పుడే మూసుకుపోయింది. ఎంఈసీ, సీఈసీ మధ్య తేడా ఒక్క అక్షరమే. పదిహేనేళ్ల పిల్లకు ఆ అక్షరం విలువ ఎవరు చెబుతున్నారు? చిన్న ఊళ్ల కాలేజీల్లో సీఈసీ దొరికినంత తేలిగ్గా ఎంఈసీ దొరకదు. "లెక్కలు కష్టం, సీఈసీలో పడెయ్" అనే సలహా మాత్రం అన్నిచోట్లా దొరుకుతుంది. ఎంపీసీ చదివి ఇంజినీరింగ్ మీద మనసు లేని పిల్లలకు కూడా ఎకనమిక్స్ ఆనర్స్‌లో చేరే అర్హత ఉందని చెప్పేవాళ్లు మరీ తక్కువ.

ఎకనమిక్స్‌కు లెక్కలెందుకని చాలామంది అడుగుతారు. మన దగ్గర ఎకనమిక్స్ అంటే హిస్టరీ, పాలిటిక్స్‌తో కలిపి బీఏలో చదివే సబ్జెక్టుగానే ఎక్కువమందికి తెలుసు. పంచవర్ష ప్రణాళికలు, పేదరిక రేఖ, జాతీయాదాయం బట్టీపట్టి రాసే పరీక్షగానే గుర్తుంది. ఆనర్స్ ఎకనమిక్స్ దారి వేరు. కాలిక్యులస్, స్టాటిస్టిక్స్, ఎకనోమెట్రిక్స్ దాని వెన్నెముక. సుంకం పది శాతం తగ్గితే గెల ధర ఎంత తగ్గుతుంది, అందులో ఇండోనేషియా వాటా ఎంత, రూపాయి విలువ వాటా ఎంత అని విడదీసి చెప్పాలంటే అవన్నీ రావాలి. పేరు ఒకటే కాబట్టి రెండూ ఒకటే అనుకుని చేరి మొదటి సెమిస్టర్‌లోనే బెదిరిపోయే పిల్లలున్నారు. చేరకముందే సిలబస్ తెరిచి చూపించడం వాళ్లకు చేయగల పెద్ద మేలు.

ఇక ఉద్యోగం సంగతి. ఎకనమిక్స్‌లో బీఏ ఒక్కటే సగం దారి. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఎకనమిక్ సర్వీస్ పరీక్షకు పీజీ కావాలి. రిజర్వ్ బ్యాంకు పరిశోధన విభాగంలో ఆఫీసరు కావడానికీ పీజీ కావాలి. అంటే ఇంటర్ తర్వాత కనీసం ఐదేళ్లు ఇల్లు ఆగాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాతే చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనమిక్స్ ఉంది. రెండోసారి ప్రవేశ పరీక్ష బెడద లేకుండా పీజీ చేతికొస్తుంది కాబట్టి, ఢిల్లీ దూరమనుకునే ఇళ్లకు నేను ముందు చెప్పేది దీన్నే.

అకౌంటింగ్ వైపు మూడేళ్ల బీకాంతో చిన్న ఉద్యోగం దొరకొచ్చు, నిజమే. డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో ఏటా బీకాం వైపు అంతమంది పరుగెత్తడానికి కారణం అదే. కానీ అందరి కలా బీకాం దగ్గర ఆగదు, చార్టర్డ్ అకౌంటెన్సీ దాకా వెళుతుంది. 1949 నాటి చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఈ పరీక్షలు నడుపుతుంది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్. ప్రతి పేపర్లో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. మధ్యలో ఆర్టికల్‌షిప్ పేరుతో రెండేళ్ల ప్రాక్టికల్ శిక్షణ. ఇంతకుముందు అది మూడేళ్లుండేది. ఆర్టికల్‌షిప్‌లో ఇచ్చే స్టైపెండ్‌తో నగరంలో గది అద్దె కట్టుకోవడం కూడా కష్టమే. ఒక్కో దశలో రెండు మూడుసార్లు రాసేవాళ్లే ఎక్కువ. ఆ ఏళ్లన్నీ కలిపితే ఎకనమిక్స్ పీజీ కంటే తక్కువేం కాదు. "అకౌంట్స్ అయితే తొందరగా సెటిలవుతారు" అన్న మాటను ఇళ్లలో ఈ లెక్కతో ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు. సీఏ ఫౌండేషన్‌లోని నాలుగు పేపర్లలో ఒకటి బిజినెస్ ఎకనమిక్స్. ఎకనమిక్స్ ఆనర్స్ 60 శాతంతో పాసైనవాళ్లు ఫౌండేషన్ రాయకుండానే నేరుగా సీఏ ఇంటర్‌లో చేరొచ్చు. కామర్స్ పట్టభద్రులకు అదే 55 శాతం. అంటే ఎకనమిక్స్ నుంచి అకౌంటింగ్ వైపు దాటడానికి వంతెన ఉంది. అటు నుంచి ఇటు దాటాలంటే మాత్రం, పేరున్న ఎంఏ ఎకనమిక్స్ ప్రవేశ పరీక్షల్లో లెక్కలు, స్టాటిస్టిక్స్ గోడలా నిలబడతాయి. అందుకే నా మాట ఇది: లెక్కలంటే ఇష్టముండి, ఇల్లు ఐదేళ్లు ఓర్చుకోగలిగితే ఎకనమిక్స్ ముందు. ఇంట్లో అప్పు నెత్తిమీద ఉండి, మూడేళ్లకు జీతం తప్పనిసరైతే బీకాం. అందులో చిన్నతనమేమీ లేదు.

చిన్నతనం లేదని ఊరికే అనడం లేదు. ఈ అడవి అంచున లెక్క రాసే చేయి ఎవరిదన్నది భూమి ఎవరిదన్నంత పెద్ద ప్రశ్నగా నడిచింది. పట్వారీ దస్త్రంలో ఏం రాస్తే అదే నిజం. షావుకారు చిట్టాలో అసలెంతో వడ్డీ ఎంతో అప్పు తీసుకున్న గిరిజనుడికి తెలిసేది కాదు. అలా చేజారిన భూములను కాపాడటానికే 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో గట్టిపరిచి 1/70 చట్టం తెచ్చారు. పట్వారీ వ్యవస్థ 1980ల్లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా నడిచింది. లెక్క చదవడం వచ్చినవాళ్లు ఆ గిరిజన ఇళ్లలోనే ఉండి ఉంటే ఎన్ని ఎకరాలు మిగిలేవో! కోయ ఇంటి నుంచి ఒక చార్టర్డ్ అకౌంటెంట్ రావడమంటే ఒక ఉద్యోగం రావడం మాత్రమేనని నేను అనుకోను. తునికాకు బోనస్ లెక్క, సొసైటీ పద్దు, పంచాయతీ నిధుల ఖర్చు అడిగి చూడగల మనిషి ఊరికి దొరికినట్టు.

పెద్ద ఊళ్లకూ ఆ మనిషి అవసరమే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన ఉత్తరంలో, లేని 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు ఉన్నట్టు పుస్తకాల్లో చూపించామని ఉంది. ఏటా ఆడిట్ సంతకాలు పడుతూనే వచ్చాయి. ఒక్క బ్యాంకు నిల్వను గట్టిగా సరిచూసి ఉంటే వేలమంది ఉద్యోగుల తలరాత మారేది. అకౌంటింగ్‌ను గుమాస్తా చదువని చప్పరించేవాళ్లకు చెప్పాల్సిన సంగతి ఇది.

ఎకనమిక్స్ చదివినవాళ్లు ఏం చేస్తారన్న ప్రశ్నకు కూడా మన నేల మీదే జవాబులున్నాయి. కరీంనగర్ ప్రాంతంలో పుట్టి నిజాం కాలేజీలో చదివిన సి.హెచ్.హనుమంతరావు ప్రణాళికా సంఘం సభ్యుడయ్యారు. వ్యవసాయంలో కొత్త పద్ధతులు వచ్చినప్పుడు లాభం ఏ రైతుకు చేరింది, ఎవరికి చేరలేదు అన్నది ఆయన పరిశోధన. కడప జిల్లా పల్లెలో పుట్టి ఎకనమిక్స్ చదివిన వై.వి.రెడ్డి 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరు. అలాంటివాళ్లకు ఇప్పుడు ఇక్కడే పని ఉంది. పామాయిల్‌కు 2021లో కేంద్రం 11,040 కోట్లతో జాతీయ మిషన్ ప్రకటించింది. తోటలు పెరుగుతున్న వేగానికి ఇక్కడి నీళ్లు ఎలా ఉంటాయి, చిన్న రైతు మొదటి నాలుగేళ్లు ఏం తింటాడు, ధర పడితే ఎవరు మోస్తారు? ఈ ప్రశ్నల మీద పనిచేసే మనిషి ఈ తోటల్లో గెలలు మోసిన ఇంటి నుంచి వస్తే ఆ పరిశోధనే వేరుగా ఉంటుంది. అశ్వారావుపేట వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ అగ్రికల్చర్ పిల్లలు వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదువుతూనే ఉన్నారు. వాళ్లతో ఒక పూట మాట్లాడే ఏర్పాటు చుట్టుపక్కల జూనియర్ కాలేజీలు చేసినా పిల్లలకు చాలా తెలుస్తుంది.

ఈ అడవికి దగ్గరగా ఒక కొత్త తలుపు కూడా తెరుచుకుంది. 2014 విభజన చట్టంలో మాటిచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం దొరికింది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2024-25లో తరగతులు మొదలుపెట్టింది. తొలుత పెట్టిన కోర్సులు రెండే: ఇంగ్లిష్ ఆనర్స్, ఎకనమిక్స్ ఆనర్స్. మేడారం తల్లుల పేరున్న చోట ఎకనమిక్స్ ముందు వరుసలో నిలబడటం నాకు గర్వంగా ఉంది. బీకాం ఆనర్స్ కూడా అక్కడికి రావాలి. 1/70 భూముల పద్దులు, అటవీ ఉత్పత్తుల సహకార సంఘాల ఆడిట్ నేర్పే కోర్సుకు అంతకంటే తగిన చోటు ఏదుంటుంది?

దరఖాస్తు దగ్గర ఒక్క జాగ్రత్త. ఢిల్లీ యూనివర్సిటీ సీట్ల కేటాయింపులో కోర్సు, కాలేజీ జంటలను మన ఇష్టప్రకారం వరసగా రాయాలి. మార్కులకు అందే వాటిలో పైనున్న సీటే వస్తుంది, కింద రాసినవి తొలగిపోతాయి. శ్రీరామ్ కాలేజీలో బీకాం ముందా, మరో కాలేజీలో ఎకనమిక్స్ ముందా అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నెట్‌సెంటర్ కుర్రాడి చేతికి ఆ వరస వదలొద్దు. ఈ ఏడు పదో తరగతి రాస్తున్న పిల్లలున్న ఇళ్లయితే అంతదాకా ఆగక్కర్లేదు. దగ్గర్లోని ఏ కాలేజీలో ఎంఈసీ ఉంది, లెక్కల లెక్చరర్ ఉన్నారా అని ఈ నెలలోనే వెళ్లి అడగండి.