ట్రైనర్ కండలు సరే... పరీక్ష సంగతేంటి?

జిమ్‌లో చేరేటప్పుడు ఫీజెంతో అడుగుతాం. మెషిన్లు కొత్తవా పాతవా అని చూస్తాం. మన నడుమునూ, మోకాళ్లనూ, గుండెనూ ఎవరి చేతిలో పెడుతున్నామో మాత్రం అడగం. ఫిట్‌నెస్ ట్రైనర్‌కు ఇప్పుడు ఎలాంటి శిక్షణ, ఎలాంటి పరీక్ష ఉన్నాయి? అవి మీ ట్రైనర్‌కు ఉన్నాయో లేదో తెలుసుకునేదెలా?

విజయదశమి రాత్రి హొళగుంద మండలం దేవరగట్టులో జరిగే బన్ని ఉత్సవం గురించి ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు కొత్తగా చెప్పక్కర్లేదు. మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం అయ్యాక నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ల భక్తులు మరోవైపు చేరి, ఉత్సవమూర్తుల కోసం కర్రలతో తలపడతారు. ఏటా తలలు పగులుతాయి. గాయాలకు పసుపు అద్దుకుని మళ్లీ ముందుకు కదులుతారు. అందుకే ఆ రాత్రి అక్కడ పోలీసు బందోబస్తుతో పాటు వైద్య శిబిరమూ పెడతారు. ఎంత బలవంతుడికైనా దెబ్బ తగిలాక ఏం చేయాలో తెలిసిన మనిషి పక్కన ఉండాలి కదా.

జిమ్‌కూ ఇదే లెక్క. బరువులెత్తే చోట దెబ్బలూ తగులుతాయి, ఒక్కోసారి కళ్లూ తిరుగుతాయి, ఎప్పుడో ఒకసారి గుండె కూడా మొరాయిస్తుంది. ఆ క్షణంలో మీ పక్కన ఉండేది ట్రైనర్ ఒక్కడే.

మన వైపు ఒంటి సాధన కొత్తదేం కాదు. కర్రసాము, తాలింఖానా, ఉస్తాదు అనే మాటలు మీ ఇంట్లో పెద్దలకు బాగా తెలుసు. ఉస్తాదు శిష్యుణ్ని చిన్నప్పటి నుంచీ చూసేవాడు. వాడేం పని చేస్తాడో, ఏం తింటాడో, ఎక్కడ దెబ్బ తగిలిందో ఆయనకు తెలుసు. ఇవాళ జిమ్‌లో ట్రైనర్ మిమ్మల్ని మొదటిసారి చూసిన రోజే చేతికి డంబెల్స్ ఇస్తాడు. ఏళ్ల పరిచయం చేసే పనిని ఇప్పుడు సరైన శిక్షణ, సరైన పరీక్ష చేయాలి.

కలియుగ భీముడూ శిక్షణ పొందారు

కోడి రామమూర్తి నాయుడి పేరు వినే ఉంటారు. 1882లో శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకుని దేశమంతా పేరు తెచ్చుకున్న మల్లయోధుడు. అంతటి బలశాలి కూడా మద్రాసు సైదాపేటలో ఏడాది పాటు వ్యాయామ శిక్షణ పొంది, ధ్రువపత్రం తీసుకున్నాకే విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. కండలు పెంచుకోవడం ఒక విద్య, ఇంకొకరికి నేర్పడం వేరే విద్య అని ఆ రోజుల్లోనే గుర్తించారన్నమాట.

మన దగ్గర మాత్రం ఆ తేడా చెరిగిపోయింది. రెండేళ్లు కసరత్తు చేసి, చేతులు కాస్త లావైన కుర్రాడు మూడో ఏడాదికి ట్రైనర్ అయిపోతాడు. డాక్టరుకు, నర్సుకు, ఫార్మసిస్టుకు ఉన్నట్టు ఫిట్‌నెస్ ట్రైనర్‌కు దేశవ్యాప్తంగా తప్పనిసరి రిజిస్ట్రేషన్ లేదు. కాబట్టి అడగాల్సిన బాధ్యత మీ మీదే పడింది.

పరీక్ష ఎలా మారింది?

2013లో కేంద్రం జాతీయ నైపుణ్య అర్హతల చట్రాన్ని తెచ్చింది. వృత్తి విద్యలో ఎవరు ఏ స్థాయిలో ఉన్నారో చెప్పే మెట్ల వరుస లాంటిది ఇది. మొదట పది మెట్లుండేవి, 2023లో వాటిని ఎనిమిదికి కుదించారు. వృత్తి శిక్షణను నియంత్రించడానికి 2018లో జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలిని ఏర్పాటు చేశారు. క్రీడలు, ఫిట్‌నెస్ రంగానికి విడిగా ఒక నైపుణ్య మండలి ఉంది. ఫిట్‌నెస్ ట్రైనర్‌కు ఏమేం రావాలో అదే రాసిపెట్టింది.

ఇందులో గమనించాల్సిన మార్పులు రెండు. మొదటిది, ‘ఎన్ని గంటలు క్లాసులో కూర్చున్నాడు’ అనే లెక్క పోయి ‘ఏం చేసి చూపించగలడు’ అనేది వచ్చింది. థియరీకి విడిగా, ప్రాక్టికల్‌కు విడిగా మార్కులుంటాయి. రెండోది, శిక్షణ ఇచ్చిన సంస్థే పాస్ చేసేయకుండా వేరే మదింపు సంస్థ నుంచి వచ్చిన వ్యక్తి పరీక్షిస్తాడు. డ్రైవింగ్ నేర్పిన స్కూలు ఒకటి, లైసెన్సు కోసం పరీక్ష పెట్టే ఆఫీసు ఇంకొకటి అయినట్టే ఇది.

బయటి దేశాల్లో ఈ దారి ఎప్పుడో పడింది. 1954లో మొదలైన అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 1975 నుంచే వ్యాయామ నిపుణులకు సర్టిఫికెట్లు ఇస్తోంది. గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ విషయంలోనైతే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే కార్డు రెండేళ్లే చెల్లుతుంది. గడువు తీరితే మళ్లీ నేర్చుకుని, మళ్లీ చేసి చూపాల్సిందే. చేయకపోతే చేతులు మర్చిపోతాయి మరి.

మగ్గం నేసే మనిషి ముందు నిలబెడితే...

కాగితం మీద అంతా బాగానే ఉంది. అసలు చిక్కు పరీక్ష జరిగే తీరులో ఉంది. కండరాల పేర్లు బట్టీ పట్టొచ్చు. ఆరోగ్యంగా ఉన్న తోటి కుర్రాడితో స్క్వాట్ చేయించి చూపించొచ్చు. కానీ జిమ్ తలుపు తీసుకుని వచ్చేవాళ్లందరూ అలా ఉండరు. ఆదోని, ఎమ్మిగనూరుల్లో పనిచేయబోయే ట్రైనర్‌ను నిజంగా పరీక్షించాలంటే అతని ముందు నిలబెట్టాల్సింది ఇలాంటి వాళ్లను.

ఎమ్మిగనూరు నేత కార్మికుడు: గుంత మగ్గం దగ్గర గంటల తరబడి మెడ వంచి కూర్చుంటాడు. నడుము ముందుకు వంగిపోయి, భుజాలు బిగుసుకుపోయి ఉంటాయి. మొదటి రోజే బరువు ఎత్తిస్తే నడుము పట్టేస్తుంది. ముందు భుజాలు, తుంటి కీళ్లు వదులయ్యేలా చేయించి, తర్వాత వెన్ను కండరాలకు మెల్లగా బలమివ్వాలి.

ఆదోని మార్కెట్ యార్డు హమాలీ: పగలంతా పత్తి మూటలు మోసి సాయంత్రం వస్తాడు. బరువులెత్తడం అతనికి కొత్తగా నేర్పక్కర్లేదు. నడుము వంచకుండా మోకాళ్ల మీద కూర్చుని లేపే పద్ధతి, శరీరానికి విశ్రాంతి, తగినంత నీళ్లు... వీటి గురించి చెప్పాలి.

షుగరున్న యాభై ఏళ్ల టీచరమ్మ: 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఇన్సులిన్, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామంలో షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, మాట తడబాటు కనిపిస్తే ‘ఇంకో సెట్ చేయండి మేడమ్’ అనేవాడు ఫెయిల్. వెంటనే ఆపి, చక్కెర నీళ్లో పండ్లరసమో ఇచ్చేవాడు పాస్.

బీపీ ఉన్న వ్యాపారి: ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలని ట్రైనర్ చెప్పాడా లేదా అన్నదే ఇక్కడ పరీక్ష.

ఎండల సంగతి సరేసరి. వేసవిలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటడం మామూలే. రేకుల షెడ్డులో మిట్టమధ్యాహ్నం కసరత్తు చేయిస్తే వడదెబ్బను పిలిచి కూర్చోబెట్టినట్టే. ఈ ప్రశ్నలన్నీ తెలుగులో అడగాలి, జవాబులూ తెలుగులోనే చెప్పనివ్వాలి. ఇంగ్లిష్ రాని ఉస్తాదు మనవడికి పని వచ్చి కూడా పరీక్ష తప్పిపోతే నష్టం అతనొక్కడికే కాదు, ఊరికి కూడా.

అనుభవం ఉన్నవాళ్ల సంగతి?

‘పదేళ్లుగా జిమ్ నడుపుతున్నా. ఇప్పుడు వెళ్లి పిల్లలతో కలిసి క్లాసులో కూర్చోమంటారా?’ అని అడిగే ట్రైనర్ అన్నలు చాలామంది ఉంటారు. అక్కర్లేదు. అనుభవంతో నేర్చుకున్న పనిని గుర్తించే పద్ధతి మన దేశంలో ఉంది. దాన్ని ఆర్‌పీఎల్ అంటారు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో దీనికీ చోటిచ్చారు. పూర్తి కోర్సు చేయకుండా, కొద్దిపాటి అవగాహన తరగతుల తర్వాత నేరుగా మదింపుకు హాజరు కావొచ్చు. వచ్చిన పనికి గుర్తింపు దొరుకుతుంది, రానిదేమిటో తెలిసొస్తుంది. ట్రైనర్లలో ఎక్కువ మందికి తెలియకుండా ఉండిపోయేది ప్రథమ చికిత్స, సీపీఆర్, జబ్బులున్నవాళ్లతో చేయించే వ్యాయామం. ఆ మూడూ నేర్చుకుంటే ఉన్న అనుభవానికి విలువ రెట్టింపవుతుంది.

చేరే ముందు మీరు అడగాల్సినవి

మొహమాటపడకండి. ‘అన్నా, ఒక మాట అడగొచ్చా?’ అని మొదలుపెట్టండి చాలు.

1. మీ సర్టిఫికెట్ ఎవరిచ్చారు? పరీక్ష పెట్టిందెవరు? గుర్తింపు ఉన్న నైపుణ్య ధ్రువపత్రాలను డిజిలాకర్‌లో చూపించొచ్చు, క్యూఆర్ కోడ్ ఉంటే ఫోన్‌తో సరిచూసుకోవచ్చు. గోడకు వేలాడే ఫ్రేమ్ ఒక్కటే చూసి నమ్మొద్దు.

2. నా ఆరోగ్యం గురించి ఏమైనా అడుగుతారా? వ్యాయామం మొదలుపెట్టే ముందు వేయాల్సిన ఏడు ప్రశ్నల పత్రం ప్రపంచమంతా వాడుకలో ఉంది. గుండె జబ్బు, బీపీ ఉన్నాయా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్లు తిరిగి పడిపోయారా, ఇంకేదైనా దీర్ఘకాలిక జబ్బుందా, మందులు వాడుతున్నారా, ఎముకలు కీళ్ల సమస్యలున్నాయా, డాక్టర్ పర్యవేక్షణలోనే వ్యాయామం చేయమన్నారా... ఇవీ అందులో ఉండేవి. ఇవేవీ అడగకుండా రశీదు రాసేస్తే ఆలోచించండి.

3. సీపీఆర్ ఎప్పుడు నేర్చుకున్నారు? పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కాలి. ఒకరు నొక్కుతుంటే మరొకరు 108కి ఫోన్ చేయాలి. ఇది చెప్పలేని ట్రైనర్‌ను వెంటనే నేర్చుకోమనండి.

4. నాకు ఫలానా చోట నొప్పి ఉంది, ఏం చేద్దాం? ‘ముందు డాక్టర్‌కు చూపించుకుని రండి’ అనగలిగినవాడే మంచి ట్రైనర్. తన హద్దు తెలియడం కూడా అర్హతే.

ఇవి కనిపిస్తే బయటికి నడవండి

‘నొప్పి పుడితేనే కండ పెరుగుతుంది’ అంటూ మొదటి వారమే ఒళ్లు హూనం చేసేవాళ్లకు దూరంగా ఉండండి. అలవాటు లేని శరీరాన్ని అతిగా శ్రమ పెడితే కండరాల కణాలు చితికి, వాటిలోని పదార్థాలు రక్తంలో చేరి కిడ్నీలను దెబ్బతీస్తాయి. కసరత్తు చేసిన ఒకట్రెండు రోజుల్లో కండరాలు వాచి, భరించలేని నొప్పితో మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంజెక్షన్, మాత్రల మాట ఎత్తినా సరే, ఇక ఆ జిమ్ మెట్లెక్కొద్దు. కండల కోసం వాడే స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మగవాళ్లలో వృషణాలు కుంచించుకుపోయి సంతానం కలగని పరిస్థితి రావొచ్చు. ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి జిమ్‌కు వెళ్తుంటే ఈ ఒక్క విషయమైనా కూర్చోబెట్టి చెప్పండి.

ప్రొటీన్ డబ్బా కొనాల్సిందే అని ట్రైనర్ పట్టుబడితే అందులో కమీషన్ ఏమైనా ఉందేమో ఆలోచించండి. కండలు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 ఆహార మార్గదర్శకాల్లో స్పష్టంగా చెప్పింది. మన జొన్నరొట్టెకు తోడు పప్పు, పెసలు, వేరుశనగలు, గుడ్లు, పెరుగు ఉండనే ఉన్నాయి.

వ్యాయామం మానేయమని చెప్పడం కాదిది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం, కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే కసరత్తు పెద్దలందరికీ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్‌కు వెళ్లండి. కాకపోతే మొదటి రోజు ట్రైనర్ మిమ్మల్ని పరీక్షించేలోపు మీరే అతనికి చిన్న పరీక్ష పెట్టండి. పై నాలుగు ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబు చెబితే ఫీజు కట్టేయొచ్చు.