మనసు విప్పి చెప్పుకొనుటకు ఒక చోటు

గ్రామములో ఎవరికైనను కాలు విరిగినచో ఆసుపత్రికి తీసికొనిపోవుటకు నలుగురు ముందుకు వత్తురు. కాని ఒక మనిషి నెల దినములుగా నిద్ర లేక, అన్నము సహింపక, చేనివైపు పోక, అరుగుమీద మౌనముగా కూర్చుండిపోయినచో ఆ ఇంటివారికి ఏమి చేయవలెనో తోచదు. గాలి సోకినదని ఒకరందురు, సోమరితనమని ఇంకొకరందురు. పెద్దలు పిలిచి, "ఏమిరా, మగవాడవు, ఇంత మాత్రానికే అధైర్యపడితే ఎట్లా?" అని మందలింతురు. ఆ మందలింపులో ప్రేమ లేకపోలేదు. అయినను అది విన్న మనిషి ఆ దినమునుండి మరింత ముడుచుకొనిపోవును.

ఇట్టివారికి తోడ్పడుటకు శిక్షణ పొందినవారిని కౌన్సెలర్లు అందురు. ఈ మాటకు బదులు "సలహాదారు" అని వ్రాయుట కలదు గాని, అది మాకు సరియైనదిగా తోచదు. సలహాలకు మన గ్రామములలో కొరత లేదు. కౌన్సెలరు చేయు పనిలో పెద్దపాలు వినుటయే.

ఈ విద్యలో అనేక మార్గములు గలవు. వియన్నా నగరమున ఫ్రాయిడ్ వైద్యుడు గడచిపోయిన కాలపు అనుభవములలో, అందును బాల్యములో, బాధకు మూలమును వెదకెను. అమెరికాలో ఏరన్ బెక్ మనిషి తన్ను గూర్చి తాను అనుకొను మాటలను పరీక్షించు పద్ధతిని 1960 తరువాతి సంవత్సరములలో రూపొందించెను. ఆ దేశమువాడే యగు కార్ల్ రోజర్స్ ఎదుటివాని బాధను అతని కన్నులతో చూచుట, తీర్పు చెప్పక గౌరవించుట, తాను కపటము లేకుండ నుండుట ముఖ్యములని 1957లో వ్రాసెను. అంతకు పూర్వమే 1936లో సాల్ రోజెన్‌జ్వైగ్ అను పండితుడు ఈ మార్గములు వేరైనను మేలు చేయు అంశములు కొన్ని అన్నింటిలో ఉమ్మడిగా నున్నవని సూచించెను. ఏదో యొక మార్గమునే పట్టుకొని యుండక, వచ్చిన మనిషిని బట్టి తగినదానిని తగిన సమయమున వాడుట సమన్వయ పద్ధతి. భూసార పరీక్ష చేయింపక అందరి పొలములకు ఒకే ఎరువు వేయరాదని మన రైతులకు తెలిసినదే.

ఒక వేరుశనగ రైతు ననుకొందము. వరుసగా రెండు పంటలు పోయినవి. బ్యాంకు అప్పుపై వడ్డీవ్యాపారి అప్పు చేరినది. కుమార్తె పెండ్లి ఆగినది. అట్టివాడు వచ్చినపుడు కౌన్సెలరు మొదట అప్పుల లెక్క అడుగరు, ధైర్యము చెప్పరు. అతడు చెప్పదలచినంత చెప్పనిత్తురు, ఊరకుండదలచినచో ఊరకుండనిత్తురు. చెప్పినది బయటకు పోదని మాట యిత్తురు. ప్రాణాపాయము కనబడినపుడు మాత్రము ఇంటివారికో వైద్యునికో తెలుపవలసి వచ్చునని ముందే చెప్పుదురు.

"బ్రతికి ఎవరికి లాభము?" అని అతడనినచో, చనిపోవలెనను తలంపు వచ్చుచున్నదా అని సూటిగా అడుగుదురు. అట్లడిగినచో లేని ఆలోచన పుట్టునని మనలో పలువురకు భయము. అది నిజము కాదు. అడిగినవారు దొరికిరని మనిషి ఊపిరి పీల్చుకొనుటయే తరచుగా జరుగును.

నమ్మకము కుదిరిన పిమ్మట పద్ధతులు ఒక్కొక్కటిగా పనికి వచ్చును. "నా వల్లనే ఇల్లు మునిగినది" అని అతడనుచుండును. వాన కురియనిది అతని ఒక్కని చేనిమీదనేనా, పొరుగువాని చేను ఏమైనది, అని కలిసి విచారింతురు. ఉదయము లేచి బోరుబావి వరకు పోయివచ్చుటవంటి చిన్న పనిని ఆ వారమునకు ఏర్పరచుకొందురు. బ్యాంకు నోటీసు చూచినంతనే చేతులు వణకుచున్నవనినపుడు, బాల్యములో తన తండ్రిని అప్పులవారు నలుగురిలో నిలబెట్టి అవమానించిన సంగతి బయటపడవచ్చును. ఆ కథ అవసరము లేనిచో ఎత్తనే ఎత్తరు. ఇంకొకనాడు భార్యను కూడ రమ్మని, ఇద్దరును ఒకరినుండి ఒకరు దాచుకొనుచున్న భయమును ఎదుట పెట్టింతురు. ప్రతిసారియు, ఇది నీకు పనికి వచ్చుచున్నదా అని అతనినే అడుగుదురు. పనికి రానిచో మార్గము మార్తురు. ఎవరును లేని చోట మాటలు వినబడుట, తిండి పూర్తిగా మానుట వంటివి యున్నచో డాక్టరు వద్దకు పంపుదురు. మందు అవసరమైనపుడు మాటలతో సరిపెట్టుట ఈ పద్ధతి కాదు.

అప్పు అట్లే యున్నది కదా, మాటలవలన ఏమి లాభమని మమ్ము అడుగువారు కలరు. అప్పు తీరదు, నిజమే. కాని బ్యాంకునకు పోయి గడువు అడుగుటకైనను మనిషి అరుగుమీదనుండి లేవవలెను గదా.

ఇది పట్టణములకే తగిన పని యనుకొనరాదు. ఆఫ్రికాలోని జింబాబ్వే దేశమున డిక్సన్ చిబాండా అను మానసిక వైద్యుడు కలరు. బస్సు ఛార్జీకి డబ్బు లేక ఆసుపత్రికి రాలేకపోయిన యువతి ఒకతె ఆత్మహత్య చేసికొనగా, వైద్యమే జనుల వద్దకు పోవలెనని ఆయన తలచెను. 2006లో హరారే నగరమున ఎంబారే పేటలో 14 మంది అవ్వలకు శిక్షణ యిచ్చి, ఆరోగ్య కేంద్రముల ఆవరణలో ఆరుబయట బల్లలు వేయించెను. అచ్చటి షోనా భాషలో ఈ బాధను "కుఫుంగిసిస" అందురు, అనగా మితిమీరిన ఆలోచన. అవ్వలు ఆ మాటనే వాడి, ముందు మనసు విప్పించి, పిమ్మట కష్టములలో ఒకదానిని ఎన్నుకొని దారి వెదకుదురు. దీనివలన రోగుల బాధ తగ్గినట్లు 2016లో ప్రచురితమైన పరిశోధన తెల్పినది. మన గోవా రాష్ట్రమునను డాక్టర్లు కాని కౌన్సెలర్లు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో ఇట్టి సాయము చేసి సత్ఫలితములు చూపిరి.

పంచాయితీ సభ్యులు కౌన్సెలర్లు కానక్కరలేదు. అయితే ఇట్టి మనిషి విషయమును రచ్చబండకు ఎక్కనీయకుండుట వారి చేతిలో నున్నది. ఆశా కార్యకర్తతో చెప్పి ఆరోగ్య కేంద్రమునకు పంపవచ్చును. ఆ ఇంట పురుగుమందు డబ్బాలున్నచో తాళములో పెట్టించుట, లేదా కొన్నాళ్లు వేరొక చోట ఉంచుట మొదటి దినముననే జరుగవలెను. ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెనని, అతనికి సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యతయని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము చెప్పుచున్నది. కేసు భయముతో అట్టివానిని దాచిపెట్టవలసిన పని లేదు.

2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును, తెలుగులో మాట్లాడవచ్చును. ఆ నంబరు పంచాయితీ కార్యాలయపు గోడపై వ్రాయించవలెను. ఇంట మాట్లాడుటకు వీలులేనివారికి కార్యాలయములో ఒక గది యిచ్చి, తలుపు దగ్గరగా వేసి, వారు మాట్లాడునంతసేపు మిగిలినవారు బయట కూర్చుండవలెను.