పాస్టరు గారికి జీతం ఇచ్చేస్తే మన పని అయిపోయినట్టేనా?

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్ళకి విషయం తెలుసు. కువైట్‌లో ఉన్న మన శ్రోతలు కొందరు ఒకే ప్రశ్న పంపారు. "శుక్రవారం తెలుగు ఆరాధనలో ఇన్నాళ్ళూ పాటలు, ప్రార్థన, వాక్యం మనలో మనమే చూసుకున్నాం. ఇప్పుడు ఊరి నుంచి ఫుల్‌టైం పాస్టరు గారిని తెచ్చుకుందాం, నెలకి తలా 5 దీనార్లు వేసుకుందాం అంటున్నారు. వేయాలా?" రికార్డింగ్‌లో టైం చాలక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను. మాటల పూర్తి పాఠం ఎప్పటిలాగే కింద ఉంది.

100 దీనార్ల జీతం ఉన్న అక్కకి 5 దీనార్లంటే ఇరవయ్యో వంతు. ఏజెంటు అప్పు, పిల్లల ఫీజులు, ఇంటికి పంపాల్సింది పోగా మిగిలే దాంట్లోంచి అది తీయాలి. అందుకే ఇలా అడిగేవాళ్ళని భక్తి తక్కువైనవాళ్ళుగా చూడొద్దు.

ఊళ్ళో మనం చూసిన పద్ధతులు

మనం ఒక్కొక్కరం ఒక్కో రకం సంఘంలోంచి వచ్చాం. ఒకరికి మామూలు సంగతి ఇంకొకరికి వింత. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

సీఎస్ఐ లాంటి పాత మిషన్ సంఘాల్లో చదువుకుని ఆర్డినేషన్ పొందిన పాస్టరు గారు ఉంటారు. జీతం డయాసిస్ ద్వారా వస్తుంది, కొన్నేళ్ళకి బదిలీ అవుతుంది. కమిటీ, ట్రెజరరు, లెక్కల పుస్తకం ఉంటాయి. అలాగని విశ్వాసులు ఊరికే కూర్చునే సంఘాలు కావవి. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం పక్కన తీసి ఆదివారం గుడికి తెచ్చే ఆడవాళ్ళని మనలో చాలామంది చూశాం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళకీ సువార్త చెప్పే బాధ్యత ఉందని నేర్పారు.

ఇండిపెండెంట్ సంఘాల్లో సాధారణంగా సంఘాన్ని మొదలుపెట్టినాయనే పాస్టరు. కానుకలు, దశమభాగాలు ఎక్కువగా ఆయన చేతికే వెళ్తాయి. మంచి సేవకుడైతే అర్ధరాత్రి ఫోన్ చేసినా వస్తారు. లెక్క అడిగే చోటు మాత్రం చాలాచోట్ల ఉండదు.

ఇక గోదావరి జిల్లాల వాళ్ళకి బాగా తెలిసిన బ్రదరెన్ సమాజాలు. వీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు మన మధ్య వచ్చిన ప్రశ్నే అక్కడ దాదాపు 200 ఏళ్ళ కింద వచ్చింది.

జీతం వద్దన్నవాళ్ళు

ఇంగ్లండులో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అనే పళ్ళ డాక్టరు ఉండేవారు. మంచి సంపాదన వదిలేసి 1829లో బాగ్దాద్ వెళ్ళారు, తర్వాత ఇండియా వచ్చారు. 1836లో ఆయన వెంట వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్ తమ భార్యలతో కలిసి నరసాపురం ప్రాంతంలో పని మొదలుపెట్టారు. ఏ మిషన్ సొసైటీ నుంచీ వాళ్ళకి నెల జీతం లేదు. గోదావరి డెల్టా మిషన్ పుట్టింది అలా.

గ్రోవ్స్ చెల్లెలి భర్త జార్జ్ ముల్లర్. ఆయన 1830లో సంఘం ఇచ్చే జీతం వద్దన్నారు. అప్పట్లో అక్కడ గుడిలో కూర్చునే సీట్లకి అద్దె వసూలు చేసి పాస్టరు జీతం ఇచ్చేవారు. డబ్బున్నవాళ్ళకి మంచి సీటు, పేదవాళ్ళకి వెనక సీటు. పైగా ఇవ్వలేని వాళ్ళు కూడా గడువు రోజుకి ఎలాగో తెచ్చి ఇవ్వాలి. అది సరికాదని ఆయన గుడిలో ఒక పెట్టె పెట్టించారు. ఇష్టమైనవాళ్ళు, ఇష్టమైనంత వేయొచ్చు. "తలా 5 దీనార్లు" అనే ముందు ఈ పెట్టె సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఈ సమాజాల్లో రొట్టె విరిచే కూడికకి ముందుగా రాసిన ప్రోగ్రాం ఉండదు. మధ్యలో బల్ల, దాని మీద రొట్టె, పాత్ర. ఒక సహోదరుడు పాట నంబరు చెబుతాడు, ఇంకొకాయన ప్రార్థన చేస్తాడు, మరొకాయన ఒక వాక్యభాగం చదువుతాడు. మధ్యలో మౌనం వచ్చినా ఎవరూ కంగారు పడరు. సంఘాన్ని నడిపేది ఒక్కరు కాదు, కొందరు పెద్దలు. ఫుల్‌టైం సేవకులు ఉంటారు గానీ నెలకింత అని ఖాయం చేసిన జీతం ఉండదు. పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త్ సింగ్ గారు 1941లో మద్రాసులో మొదలుపెట్టి, తర్వాత హైదరాబాద్ హెబ్రోన్ కేంద్రంగా నడిపిన సహవాసాలు కూడా దాదాపు ఇదే దారి. ఆరాధన తర్వాత అందరూ కలిసి భోంచేయడం వాటి ప్రత్యేకత.

ఒక మాట మాత్రం నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ పద్ధతిలో "అందరూ" అంటే ఎక్కువచోట్ల మగవాళ్ళే. ఆడవాళ్ళు ముసుగు వేసుకుని పాటలో గొంతు కలుపుతారు, ఆమేన్ అంటారు, అంతే. ఇళ్ళలో పనిచేసే అక్కలే ఎక్కువగా వచ్చే కూడికలో ఈ నియమం పెడితే, కష్టం చెప్పుకోవాల్సిన వాళ్ళ నోరే మూసినట్టవుతుంది.

పౌలు ఏ పక్షం?

రెండు వైపులవాళ్ళూ పౌలునే చూపిస్తారు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో, కూడుకున్నప్పుడు ఒక్కొక్కరూ ఏదో ఒకటి తెస్తారని ఆయన రాశాడు. అదే పత్రిక 9వ అధ్యాయంలో, సువార్త ప్రకటించేవాళ్ళకి దానివల్ల జీవనం జరగాలన్నాడు. వెంటనే, ఆ హక్కు నేను వాడుకోలేదు అన్నాడు. కొరింథులో అకుల, ప్రిస్కిల్లలతో కలిసి డేరాలు కుట్టాడు. అయినా ఫిలిప్పీ వాళ్ళు ప్రేమతో పంపిన సహాయం తీసుకున్నాడు. నాకు అర్థమైనంతవరకు పోషణ పొందడం సేవకుడి హక్కు, కానీ ఆ పేరుతో మిగతావాళ్ళు తెచ్చేది ఆగిపోకూడదు.

జీతం లేకపోతే అంతా బాగుంటుందనీ అనుకోవద్దు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన తమ్ముడు వాక్యం సిద్ధం చేసుకోవడానికి టైం ఎక్కడిది? హాస్పిటల్లో ఉన్నవాళ్ళని చూడడానికి సెలవు ఎవరిస్తారు? జీతం లేనిచోట గొంతు పెద్దదైనవాడే పెద్ద అయిపోవడం, ఊరి పేరుతో, కులం పేరుతో గుంపులు కట్టడం కూడా మనం చూస్తున్నాం.

డబ్బు వేసే ముందు

నన్నడిగితే, ఈ సంగతులు తేలాకే ఎవరైనా చెయ్యి జేబులో పెట్టాలి.

వీసా: పాస్టరు గారు ఎవరి స్పాన్సర్‌షిప్ మీద వస్తారు? వేరే పని వీసా మీద తెచ్చి సేవ చేయిస్తే, పట్టుబడిన రోజు నష్టపోయేది ముందు ఆయనే.

చట్టం: గల్ఫ్‌లో చందాల మీద గట్టి నియమాలున్నాయి. యూఏఈలో అనుమతి లేకుండా విరాళాలు పోగుచేయడం నేరం. గదుల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వసూలు చేయొద్దు. అనుమతి ఉన్న చర్చి ఆఫీసులో అడిగి, వాళ్ళ ద్వారానే ఏదైనా చేయండి.

లెక్క: డబ్బు ఇద్దరి చేతిలో ఉండాలి, నెలనెలా అందరి ముందు చదవాలి. ఎవరు ఎంత ఇచ్చారో మాత్రం చదవొద్దు. ఇవ్వలేనివాళ్ళు తలదించుకుని కూర్చునే పరిస్థితి రాకూడదు.

పని: ఆయన ఏం చేస్తారు, మన దగ్గర ఏం ఉంటుంది? సాక్ష్యం, పాట, ఒకరి కోసం ఒకరు ప్రార్థన, యజమాని ఇంట్లోంచి బయటికి రాలేని అక్కకి వారానికో ఫోన్: ఇవి మనమే ఉంచుకోవాలి. ఆ ఫోన్ ఇంకో అక్క చేస్తేనే ఆమె మనసు విప్పి మాట్లాడగలదు.

ఒక చిన్న పరీక్ష చెబుతాను. పాస్టరు గారు రెండు నెలలు సెలవు మీద ఊరెళ్తే శుక్రవారం కూడిక జరుగుతుందా? జరుగుతుందంటే ఆయనకి నిశ్చింతగా, సంతోషంగా ఇవ్వండి. జరగదంటే డబ్బు సంగతి పక్కన పెట్టి, వచ్చే శుక్రవారం ఇంతవరకు నోరు తెరవని ఒకరికి పాట ఎంచే పని అప్పగించండి.

లెక్కల పుస్తకం ఎలా రాయాలో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.