జనం కంటే ముందే తీరానికి

క్రిస్మస్ ఆరాధన ముగుస్తుంది. సంఘమంతటికీ వడ్డించిన ప్రేమవిందు గిన్నెలు కడిగి బోర్లించడం కూడా అయిపోతుంది. నెలరోజులుగా ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడిన యువకుల గొంతులు బొంగురుపోయి ఉంటాయి. సెమీ క్రిస్మస్‌లు, సండే స్కూలు నాటికలు, మందిరం అలంకరణ అన్నీ ముగిశాక ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: ‘ఒక్కరోజు అలా సముద్రానికి వెళ్లొద్దామా?’ మిషన్ స్కూళ్లకు సెలవులు. తెలంగాణలో 26వ తేదీ కూడా సెలవే. 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనకు మళ్లీ మందిరంలో ఉండాలి. మధ్యలో నాలుగైదు రోజులు మిగులుతాయి. సరిగ్గా ఆ నాలుగైదు రోజులే ఎందరికో అదే ఆలోచన వస్తుంది. ప్రశాంతత కోసం బయల్దేరిన మనం తీరం చేరేసరికి అక్కడ బండి నిలపడానికి చోటుండదు.

ఇది మనకే ఎదురైన ఇబ్బంది కాదు. పన్నెండుమంది అపొస్తలులు పరిచర్య ముగించుకుని ప్రభువు దగ్గరకు తిరిగొచ్చినప్పుడు, వచ్చీపోయే జనంతో వారికి అన్నం తినే తీరిక కూడా లేకపోయింది. ఏకాంతంగా ఒక చోటికి వెళ్లి కొంతసేపు అలసట తీర్చుకోమని ఆయనే వారిని పిలిచాడు. అందరూ దోనె ఎక్కి బయల్దేరారు. జనం చూసి గుర్తుపట్టి, ఒడ్డు వెంట పరుగెత్తి, వారికంటే ముందే అక్కడికి చేరుకున్నారు (మార్కు 6:30-34). గలిలయ సముద్రం అంటున్నా అది నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు. అంత చిన్న నీటిమీద వెళ్లే దోనెను ఒడ్డున నడిచేవారి కళ్లు వదిలిపెట్టవు.

ఈ అధ్యాయం చదివినప్పుడు మనం అయిదు రొట్టెలు, రెండు చేపల దగ్గరే ఆగుతాం. దానికి ముందున్న మాటను దాటేస్తాం. శిష్యులు విశ్రాంతి అడగలేదు. వారు అలసిపోయారని మొదట గమనించినవాడు ప్రభువే. సెలవు దొరికితే ఉపవాస ప్రార్థనలో ఉండాలి గానీ సముద్రానికి వెళ్లడమేమిటని గొణిగే పెద్దలు కొన్ని సంఘాల్లో ఉంటారు. ఈ వచనాలు వారు మరోసారి చదువుకోవాలి. పనిచేసిన శరీరానికి విశ్రాంతి అవసరమని ప్రభువుకు తెలుసు. ఆ విశ్రాంతి దానంతట అది దొరకదని కూడా ఆయనకు తెలుసు. అందుకే జనం మీదపడి ఇరుకున పెట్టకుండా ఒక చిన్న దోనెను సిద్ధంగా ఉంచమని శిష్యులకు ముందే చెప్పాడు (మార్కు 3:9). కపెర్నహూములో ఒక సాయంత్రం పట్టణమంతా వాకిట్లో గుమికూడితే, మర్నాడు ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థనకు వెళ్లాడు (మార్కు 1:35). ఆయన దూరదేశం వెళ్లలేదు. జనం లేవకముందే లేచాడు.

మన ప్రయాణానికీ ఇదే సూత్రం పనికొస్తుంది. ఎవరికీ తెలియని తీరం కోసం వెదకడం కంటే అందరికీ తెలిసిన తీరానికే ఎవరూ రాని గడియలో వెళ్లడం తేలిక. బాపట్ల దగ్గరి సూర్యలంకనే తీసుకుందాం. పట్టణానికి సుమారు 9 కిలోమీటర్ల దూరం. క్రిస్మస్ సాయంత్రం, శని, ఆదివారాలు, 31, జనవరి 1 రద్దీగా ఉండే రోజులు. వీటిని వదిలేస్తే మధ్యలో ఒకటి రెండు పని దినాలు మిగులుతాయి. ఆ వారంలో తీరాన గదుల అద్దెలు పెరుగుతాయి, దొరకడమూ కష్టమే. బాపట్లలోనో చీరాలలోనో రాత్రి బస చేసి, తెల్లవారుజామున ఆటోలో తీరానికి చేరితే సరిపోతుంది. డిసెంబరు చివర్లో అక్కడ పొద్దు పొడిచేది ఆరున్నర దాటాకే. ఆరుగంటలకు ఇసుకలో కూర్చుంటే దాదాపు మూడు గంటల ప్రశాంతత మనదే. పదింటికి బస్సులు, కార్లు బారులు తీరేసరికి మనం తిరుగుముఖం పట్టవచ్చు. రెండు పట్టణాలూ విజయవాడ - చెన్నై రైలు మార్గంలోనే ఉన్నాయి. అయితే 2024 నవంబరు నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. అంటే క్రిస్మస్ వారం ప్రయాణానికి అక్టోబరు చివర్లోనే టికెట్ చూసుకోవాలి.

ఇంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. ఈ విశ్రాంతి ఎవరికి? ఇంటిల్లిపాదీ సముద్రానికి వెళ్తున్నారంటే ఇల్లాలు తెల్లవారుజామున రెండింటికే లేచి పులిహోర కలుపుతుంది, పూరీలు వత్తుతుంది, పిల్లల బట్టలు సర్దుతుంది. తీరానికి వెళ్లాక కూడా వడ్డించేది ఆమే. అందరూ నీళ్లలో ఆడుతుంటే సంచుల దగ్గర కాపలా ఉండేదీ ఆమే. నాల్గవ ఆజ్ఞను జాగ్రత్తగా చదివితే, విశ్రాంతి ఇంటి యజమాని ఒక్కడిదే కాదని తెలుస్తుంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, పరదేశి, చివరికి పశువు కూడా ఆ జాబితాలో ఉన్నాయి (నిర్గమ 20:10). కాబట్టి ఆ పూటకు ఇడ్లీ పొట్లాలు హోటల్లో కట్టించుకుందాం. సంచుల దగ్గర వంతులవారీగా కూర్చుందాం. అద్దె బండిలో వెళ్తే డ్రైవరు రాత్రి నిద్రపోయాడో లేదో అడుగుదాం. తిబెరియ తీరాన రాత్రంతా శ్రమపడి వచ్చిన శిష్యుల కోసం నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసింది పునరుత్థానుడైన ప్రభువే (యోహాను 21:9-13). ఆయన వడ్డించాడంటే మన ఇళ్లలో పురుషులు వడ్డించడం చిన్నతనం కాదు.

సముద్రం అందమైనదే గానీ అమాయకమైనది కాదు. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం ఉదయమే సునామీ మన తీరాలను ముంచింది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. హైదరాబాదులో ఉన్న భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం అలల ఎత్తు గురించి ముందస్తు సమాచారం ఇస్తుంది. బయల్దేరే ముందు ఒకసారి చూసుకోవడం మంచిది. ఏటా పిల్లలను బలిగొనేది మాత్రం ఇంతటి ఉపద్రవాలు కాదు, ఒడ్డుకొచ్చిన నీరు తిరిగి లోపలికి లాక్కుపోయే ప్రవాహం. ఇరువైపులా అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీరు నిమ్మళంగా కనిపిస్తుంది. ఇక్కడ భయం లేదనుకుని అక్కడే దిగుతారు. తరచుగా లోపలికి లాగే నీరు అదే. అందులో చిక్కినవారు ఒడ్డువైపు ఎదురీదితే అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఈత రానివారు వెల్లకిలా తేలుతూ చెయ్యి ఊపాలి. రక్షించాలని ఈతరానివారు వెనకాలే దూకకూడదు. తాడో, ఖాళీ డబ్బానో విసిరి, గజ ఈతగాళ్లను, మెరైన్ పోలీసులను పిలవాలి. పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ వారిని చూడటమే పనిగా ఒక పెద్ద మనిషి ఒడ్డున ఉండాలి. ఆ మనిషి చేతిలో ఫోను ఉండకూడదు. వాచ్‌నైట్ ఆరాధన ముగియగానే, నిద్రలేని కళ్లతో బైకులమీద సముద్రానికి పరుగుతీసే యువకులను సంఘ పెద్దలే ఆపాలి. కొత్త సంవత్సరం మొదటి పూట ఏ తల్లీ కడుపుకోతతో ఏడవకూడదు.

తీరం మనకు విహారస్థలం, మత్స్యకారులకు పనిచేసే చోటు. గెన్నేసరెతు ఒడ్డున ప్రభువు చూసింది వలలు కడుక్కుంటున్న మనుషులను. పేతురు దోనె ఎక్కినా, దాన్ని కొంచెం లోపలికి నెట్టమని అతణ్ణి అడిగాడు (లూకా 5:2-3). మనం అడక్కుండా వారి పడవలెక్కి ఫోటోలు దిగుతాం, ఆరేసిన వలలు తొక్కుతాం, ప్లాస్టిక్ గ్లాసులు వదిలేసి వస్తాం. ఇవన్నీ మానుకోవాలి. స్పీకర్లు కూడా వద్దు. అందులో మోగేది క్రైస్తవ గీతమే అయినా, పక్కన మౌనం కోసం వచ్చినవారికి అది రొదే. గుడ్లు పెట్టడానికి రాత్రివేళ ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లను వెలుగు, సందడి బెదరగొట్టి వెనక్కి పంపేస్తాయి.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా, ఒక్కోసారి మనకంటే ముందే జనం వచ్చేసి ఉంటారు. అప్పుడేం చేయాలి? సాధారణంగా రద్దీ అంతా రోడ్డు ముగిసే చోటే ఉంటుంది. ముసలివారు నడవగలిగినంత దూరం ఇసుకలో పక్కకు నడిస్తే సందడి పలచబడుతుంది. అదీ కుదరకపోతే ప్రభువు ఆ రోజు ఏం చేశాడో గుర్తు చేసుకుందాం. శిష్యుల విశ్రాంతి చెదిరిందని ఆయన విసుక్కోలేదు. దోనె దిగి, ఆ జనాన్ని కాపరిలేని గొర్రెలుగా చూసి కనికరపడ్డాడు. మన పక్కన దుప్పటి పరుచుకుని కూర్చున్న కుటుంబం కూడా ఏడాదంతా అలసి, ఒక్క పూట ఊపిరి తీసుకుందామని వచ్చినదే. కాస్త జరిగి వారికీ చోటిస్తే మన విశ్రాంతిలో తరిగేదేమీ ఉండదు.

సాయంత్రమయ్యాక ఆయన శిష్యులను దోనె ఎక్కించాడు, జనసమూహాన్ని పంపివేశాడు, తర్వాత ప్రార్థించడానికి ఒంటరిగా కొండ ఎక్కాడు (మార్కు 6:45-46). పగలు దొరకని ఏకాంతాన్ని ఆయన రాత్రికి దాచుకున్నాడు. మన సెలవు సందడిలోనే గడిచిపోయినా, ఇంటికి తిరిగొచ్చాక మర్నాడు పిల్లలు లేవకముందు మేడమీద ఒక అరగంట దొరుకుతుంది. దాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ప్రభువు కోసం ఉంచుకుందాం.