ఈ వారం మీరు చేయగలిగింది ఏమిటి?



ఈసారి నా పొరపాటుతోనే మొదలుపెడతాను. కొన్నేళ్ళ క్రితం మన ఓ.పి.కి నెలనెలా ఒక చెరకు రైతు వచ్చేవాడు. యాభై దాటిన మనిషి, షుగరు రోగి. వచ్చిన ప్రతిసారీ నేను అదే జాబితా చదివేదాన్ని: వేళకు తిను, చెప్పులు లేకుండా నడవకు, మాత్ర మానకు, రోజూ పాదాలు చూసుకో. అతను తలూపి, "అలాగే సిస్టరమ్మా" అని చీటీ తీసుకుని వెళ్ళేవాడు. నా పని నేను చేశాననుకునేదాన్ని.

నాలుగో ఏట అరికాలి పుండుతో వార్డులో చేరాడు. రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది. డ్రెస్సింగు చేస్తూ మొదటిసారి అడిగాను: "నాయనా, నేను చెప్పినవాటిలో నీకు కుదరనిది ఏది?"

"సెరుకు నరికే రోజుల్లో తెల్లారి నాలుగింటికే పోతాం సిస్టరమ్మా. మద్దేనం దాకా టీ నీల్లే. జోళ్ళు బురదలో కూరుకుపోతే గట్టున ఇడిసేస్తాం. మీరు అడగనేదు, నాను సెప్పనేదు."

ఆ మాట నన్ను చాలాకాలం వదలలేదు. నాలుగేళ్ళు చెప్పాను. ఒక్కసారి కూడా అడగలేదు.

చెప్పడం కాదు, అడగడం

ఇప్పుడు పట్టణాల్లో "హెల్త్ కోచింగ్" అనే మాట వినబడుతోంది. మాట కొత్తగా ఉన్నా విషయం కష్టమైనది కాదు. వాలీబాల్ నేర్పే కోచ్ కోర్టు బయట నిలబడతాడు, ఆట ఆడేది ఆటగాడే. అలాగే ఆరోగ్యం విషయంలో కూడా నర్సు గాని, డాక్టరు గాని పక్కన ఉండి సహాయం చేస్తారు. ఏ మార్పు చేసుకోవాలి, ఎప్పుడు, ఎంత అన్నది రోగి తానే ఎంచుకుంటాడు. ఒక్క షుగరు అంకెనే చూడరు. తిండి, నిద్ర, పని, మనసులోని దిగులు, ఇంటి పరిస్థితి అన్నీ కలిపి చూస్తారు.

నర్సింగు చదివేటప్పుడు డొరోతియా ఓరెమ్ పేరు మాకు చెప్పేవారు. ఆమె అమెరికా నర్సు. 1971లో ప్రచురించిన పుస్తకంలో, మనిషి తనను తాను చూసుకోగలడు, అతనికి చేతకాని మేరకే నర్సు చేయాలి, మిగిలినది అతనికి నేర్పాలి అని వివరించింది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. వార్డులోకి వచ్చాక మరచిపోయాం.

ఇది ఇప్పుడు ఎందుకు ముఖ్యం?

మన జబ్బులు మారాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 మంది జనాభాలో, ఒక ఏడాదిపాటు జరిగిన మరణాల కారణాలను పరిశోధకులు ఇంటింటా విచారించారు. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. నూటికి 32 మరణాలు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటువ్యాధుల వల్ల జరిగినవి సుమారు 12. పల్లెల్లో కూడా పరిస్థితి ఇదే. 2022లో మన రోలుగుంట మండలం విశాఖ జిల్లా నుండి అనకాపల్లి జిల్లాకు మారింది గాని, మన ఓ.పి. వరుసలో బి.పి., షుగరు మాత్రం మారలేదు.

న్యుమోనియా వస్తే వార్డులో పది రోజులు మేము చూసుకుంటాం, నయమై ఇంటికి వెళ్తారు. బి.పి., షుగరు అలాంటివి కావు. నెలకొకసారి వచ్చి పది నిమిషాలు మా దగ్గర కూర్చుంటే ఏడాదికి రెండు గంటలు. ఏడాదికి 8,760 గంటలు. మిగిలిన 8,758 గంటలు మీకు మీరే నర్సు.

అలవాట్లు మార్చుకుంటే నిజంగా ఫలితం ఉంటుందా అని చాలామంది అడుగుతారు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ గారి బృందం, షుగరు వచ్చే అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళపాటు గమనించింది. మామూలు సలహాతో వదిలేసినవారిలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకుంటూ, నెలనెలా ఫోనులో ప్రోత్సాహం పొందినవారిలో సుమారు 39 మందికే వచ్చింది. ఇది 2006లో ప్రచురితమైంది. అందరికీ తప్పలేదు, కానీ నూటికి పదహారు మంది తేడా చిన్నది కాదు.

నాలుగు ప్రశ్నలు, ఒక అంకె

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో కేట్ లోరిగ్ అనే ఆమె దీర్ఘవ్యాధులున్నవారి కోసం ఆరు వారాల శిక్షణ రూపొందించింది. ఆమె కూడా నర్సే. అందులో ప్రతి ఒక్కరూ వారం వారం ఒక చిన్న పని తామే ఎంచుకుంటారు. ఆ పద్ధతి మన ఇళ్ళలోనూ పనికొస్తుంది.

1. ఏం చేస్తాను? (మీకు ఇష్టమైనది, ఇతరులు చెప్పినది కాదు)
2. ఎంత?
3. ఎప్పుడు?
4. వారంలో ఎన్ని రోజులు?

తరువాత ఒక అంకె. ఇది చేయగలనన్న నమ్మకం సున్న నుండి పది వరకు ఎంత? ఏడు, ఆపైన వస్తే మొదలుపెట్టండి. తక్కువ వస్తే మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు, పనిని చిన్నది చేసుకోండి.

ఒక ఉదాహరణ. బి.పి. ఉన్న ఒక అమ్మతో ఉప్పు గురించి మాట్లాడాను. ఒక మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే ఒక టీ చెంచా లోపే ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. "కూరలో ఉప్పు తగ్గించగలరా?" అంటే "నాలుగు" అంది. ఎందుకమ్మా అంటే, "వంట కోడలిది. కూర నా సేతిలో నేదు. నా కంచంలో ఆవకాయ, ఉప్పుసేప మాత్రం నా సేతిలోదే" అంది. నాకు తట్టని సంగతి ఆమెకు తెలుసు. వారంలో నాలుగు రాత్రులు అవి రెండూ వేసుకోనని తానే నిర్ణయించుకుంది. అంకె ఎనిమిది. మరుసటి నెల వచ్చి, "మూడు రోజులే అయింది" అని సిగ్గుపడింది. ఆ మూడు రోజులు ఎలా కుదిరిందో చెప్పమన్నాను. ఆ పై నెల కోడలిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడు ఆ ఇంట్లో కూరకూ ఉప్పు తగ్గింది. ఆమె బి.పి. కొంత దిగింది. మాత్ర మాత్రం కొనసాగుతోంది.

ఇంటివారికి ఒక మాట

"అది తినకు, ఇది ముట్టకు" అని రోజంతా కాపలా కాస్తే, ఆయన బెల్లం ముక్క దాచుకుని తింటాడు. బదులుగా, "నీకేది కష్టంగా ఉంది? మేమేం చేస్తే తేలికవుతుంది?" అని అడగండి. ఇంటిల్లిపాదీ ఒకే కూర తినండి. సాయంత్రం నడకకు తోడు వెళ్ళండి.

తెలిసి ఎంచుకోవాలి కదా, అందుకే రెండు సంగతులు. చక్కెర మాని టీలో బెల్లం వేసుకుంటే షుగరు పెరగదనుకోవడం పొరపాటు, పెరుగుతుంది. చోడి అంబలి మంచిదే గాని, అదీ పిండిపదార్థమే. చెంబుడు తాగితే షుగరు పెరుగుతుంది. గ్లాసుతో కొలిచి తాగండి.

జాగ్రత్తలు

మన ఆరోగ్యం మనమే చూసుకోవడమంటే మందులు మనమే ఆపేయడం కాదు. ఎవరో చెప్పారని, ఫోనులో వీడియో చూశామని ఇన్సులిన్, బి.పి. మాత్ర మానవద్దు. మానాలనిపిస్తే ముందు వచ్చి ఆ మాట మాతో చెప్పండి, మేము కోప్పడం. చెమటలు, వణుకు, ఆకలి, తల తిరగడం కలిగితే షుగరు పడిపోయి ఉండవచ్చు. స్పృహ ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు. ఛాతీ నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడడం, ఒక పక్క చేయి పడిపోవడం కనబడితే ఆలోచిస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంకొకటి. కూలికి పోతేనే పొయ్యి వెలిగే ఇంట్లో అన్నీ మన చేతిలో ఉండవు. కుదరనివాటికి రోగిని తప్పుపట్టకూడదు. ఇది ముందుగా మా నర్సులకు చెబుతున్నాను.

ఆ రైతు ఇప్పటికీ వస్తున్నాడు. జోళ్ళ సంగతి అతనే ఆలోచించాడు. బురదలో ఊడిపోకుండా మడమ పట్టీ ఉన్నవి కొనుక్కున్నాడు. రాత్రి అన్నం తిన్నాక అతని భార్య లైటు వేసి రెండు అరికాళ్ళూ చూస్తుంది. పొలానికి పోయేముందు ఏదైనా తినడం వారంలో ఐదు రోజులు కుదురుతోందట. మిగిలిన రెండు రోజుల గురించి వచ్చే నెల మాట్లాడుకుందామన్నాడు.

మీరు కూడా క్యాలెండరు వెనక ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాయండి. రాయడం రాకపోతే మనవడి చేత రాయించండి. ఈసారి ఓ.పి.కి వచ్చేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ కాగితం కూడా తీసుకురండి. దానిని చూసే మాట్లాడుకుందాం.

– నర్సింగ్ సూపరింటెండెంట్