ఇంటి బల్లి: విషం లేదు, కానీ శుభ్రత అవసరం

అన్నంలోనో పాలలోనో బల్లి పడిందని, పిల్లలు అవి తినేశారని కంగారుగా ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చే తల్లిదండ్రులు ఉంటారు. బల్లి విషమనే భయం మనలో అంతగా నాటుకుపోయింది. అసలు ఈ జీవి సంగతేమిటో తెలుసుకుందాం.

మన ఇళ్లలో సాధారణంగా కనిపించే బల్లి 3 నుంచి 5 అంగుళాలు ఉంటుంది. పగలు ఫోటోల వెనుక, గోడ సందుల్లో దాక్కుని, చీకటి పడగానే లైటు దగ్గరకు చేరుతుంది. అక్కడ ముసిరే పురుగులు, దోమలు, చిన్న బొద్దింకలే దాని ఆహారం. కాలివేళ్ల అడుగున కంటికి కనపడనంత సన్నని రోమాల వంటివి ఉండటం వల్ల నున్నటి గోడను కూడా పట్టుకుని పాకగలదు. దానికి కనురెప్పలు లేవు. అందుకే నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. శత్రువు పట్టుకుంటే తోక వదిలేసి పారిపోతుంది, తోక మళ్లీ పెరుగుతుంది. ఆడబల్లి ఒక్కోసారి రెండేసి గుడ్లు పెడుతుంది.

బల్లికి విషపు కోరలు గాని, విషగ్రంథులు గాని లేవు. మీద పడినా, పాకినా విషం ఎక్కదు.

మరి ప్రమాదం ఎక్కడ? బల్లి పేగులలో, రెట్టలో 'సాల్మొనెల్లా' అనే క్రిమి ఉండవచ్చు. అది ఆహారంలో కలిస్తే జ్వరం, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. ఇవి సాధారణంగా 6 గంటల నుంచి 6 రోజుల లోపు కనిపిస్తాయి. తిన్న వెంటనే వాంతి అయితే అది భయం, ఏవగింపు వల్ల కూడా కావచ్చు.

కాబట్టి ఈ విషయాలు గుర్తుంచుకోండి:

1. బల్లి పడిన ఆహారాన్ని పారవేయండి. గిన్నెను సబ్బుతో, వేడినీళ్లతో కడగండి.
2. తిన్నవారికి ఉప్పునీళ్లు తాగించి, గొంతులో వేలు పెట్టి వాంతి చేయించకండి. ధైర్యం చెప్పి, కొన్ని రోజులు గమనించండి.
3. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. ద్రావణం కొద్దికొద్దిగా తాగించండి. పాలు తాగే బిడ్డకు తల్లిపాలు ఆపకండి.
4. జ్వరం తగ్గకపోయినా, విరేచనంలో రక్తం పడినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధుల విషయంలో ఆలస్యం చేయకండి.
5. వండిన గిన్నెలపై, తాగునీటి బిందెలపై ఎప్పుడూ మూత ఉంచండి. బల్లి రెట్ట తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

బల్లిని చూసి భయపడనక్కరలేదు. గిన్నె మీద మూత ఉందో లేదో చూసుకుంటే చాలు.