పులికాట్ ఉక్కపోతలో ఓవర్‌క్లాకింగ్

తయారీదారు ఖాయం చేసిన వేగాన్ని మించి ప్రాసెసర్‌నో, మెమరీనో నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. నేటి బోర్డుల్లో మూల గడియారం సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. దాన్ని 45తో హెచ్చిస్తే 4.5 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 450 కోట్ల టిక్కులు. ఆ గుణకాన్ని బయోస్‌లో, అంటే బోర్డు సెట్టింగుల తెరలో, 47కో, 48కో మార్చడంతో పని మొదలవుతుంది. ఇంటెల్ ఈ వీలును ముఖ్యంగా పేరు చివర కె ఉన్న చిప్పులకే ఇస్తుంది. ఎ.ఎమ్.డి. రైజెన్ డెస్క్‌టాప్ చిప్పుల్లో చాలావాటి గుణకానికి తాళం ఉండదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ గుణకం 4.5 దగ్గరే బిగించి ఉండేది. అయినా జనం మూల గడియారాన్నే 66 నుంచి 100కు పెంచి 300 మెగాహెర్ట్జ్ చిప్పును 450 దగ్గర నడిపారు.

ఒకే ఫ్యాక్టరీలో తయారైనా చిప్పులన్నీ ఒక్కలా ఉండవు. వాటిలో బలహీనమైనది కూడా ఏళ్ల తరబడి తప్పు లేకుండా నడవగల వేగాన్నే కంపెనీ ముద్రిస్తుంది. ఓవర్‌క్లాకర్ వాడుకునేది ఆ మిగులునే. ఇప్పటి ప్రాసెసర్లు వేడి, కరెంటు చూసుకుని తమంతట తామే వేగం పెంచుకుంటాయి కాబట్టి మిగిలేది బాగా తగ్గిపోయింది.

ఆ కాస్త మిగులుకూ వేడి అడ్డుపడుతుంది. చిప్పు తినే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, వోల్టేజీ పెరిగితే దాని వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం 10 శాతం, దాన్ని నిలబెట్టడానికి వోల్టేజీ మరో 10 శాతం పెంచితే 100 వాట్ల చిప్పు దాదాపు 133 వాట్లు తింటుంది. అదంతా వేడిగా బయటికి పోవాల్సిందే. హీట్‌సింక్ అయినా, నీటి కూలర్ అయినా ఆ వేడిని గది గాలిలోకే వదులుతాయి.

సూళ్లూరుపేట, తడ లాంటి పులికాట్ సరస్సు ఒడ్డు ఊళ్లలో లెక్క మారేది ఇక్కడే. ఏసీ గదిలో గాలి 24 డిగ్రీలుంటే, మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద 36 ఉంటుంది. ఆ 12 డిగ్రీల తేడా దాదాపు యథాతథంగా చిప్పు మీద పడుతుంది. చాలా ఇంటెల్ చిప్పులు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 వరుసలో చాలా చిప్పులు 95 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. జనవరిలో రాత్రంతా పరీక్షకు తట్టుకున్న సెట్టింగు కత్తిరి ఎండల్లో ఆటల మధ్యలోనే ఆగిపోవచ్చు. ఈ తీరంలో పరీక్ష చేయాల్సింది మే మధ్యాహ్నమే.

గది గాలి కంటే చల్లగా చేస్తే సరిపోదా అంటే, ఉక్క ఒప్పుకోదు. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కంటే చల్లని ఏ ఉపరితలం మీదైనా నీరు పడుతుంది. మామూలు నీటి కూలర్ గది ఉష్ణోగ్రత కంటే కిందికి దిగదు కాబట్టి దానితో భయం లేదు. గది గాలి కంటే చల్లబరిచే పెల్టియర్ పలకలు, చిల్లర్లు పెడితే బోర్డు తడుస్తుంది. 2022 డిసెంబరులో ఇంటెల్ 13900కె చిప్పు 9 గిగాహెర్ట్జ్ దాటింది ద్రవ హీలియం పోస్తుండగా. అది నిపుణుల పని, ఇంటి పని కాదు.

ఇంట్లో నిజంగా ఫలితం దక్కేది మెమరీ దగ్గర. 6000 అని పెట్టె మీద రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్, కొని పెట్టగానే చాలాసార్లు 4800 దగ్గరే నడుస్తుంది. బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పి గానీ, ఎక్స్‌పో గానీ, ఆ వేగానికి తయారుగా ఉన్న సెట్టింగు ఆన్ చేస్తేనే సెకనుకు 600 కోట్ల బదిలీలు చేస్తుంది. స్పందనకు 40 టిక్కులు తీసుకునే (సీఎల్40) 4800 ర్యామ్‌లో మొదటి సమాధానానికి దాదాపు 16.7 నానోసెకన్లు పడితే, సీఎల్30 ఉన్న 6000కు 10 చాలు. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఎందరో ఏళ్లపాటు వాడకుండానే వదిలేస్తున్నారు. అయితే మెమరీ తప్పు చడీచప్పుడు లేకుండా ఫైళ్లను పాడుచేస్తుంది, అందుకే మెమ్‌టెస్ట్86ను రాత్రంతా నడపకుండా ముఖ్యమైన పని మొదలుపెట్టకూడదు. తప్పులొస్తే వెంటనే ర్యామ్‌ను నిందించనక్కర్లేదు. ఉప్పుగాలికి మెమరీ కడ్డీల బంగారు పూత అంచుల మీద పొర పేరుకోవచ్చు. ప్లగ్ తీసేసి, కడ్డీని బయటికి లాగి, మెత్తని రబ్బరుతో తుడిచి, రాలిన పొడి దులిపి మళ్లీ పెడితే కొన్నిసార్లు తప్పులు పోతాయి.

వోల్టేజీ ఎక్కువైతే చిప్పు ఆయుష్షు తరుగుతుంది. ఇంటెల్ 13, 14వ తరం చిప్పుల్లో కొన్ని అధిక వోల్టేజీ వల్లే అస్థిరమయ్యాయి. 2024లో కంపెనీ చిప్పు లోపలి మైక్రోకోడ్ సవరించి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అందుకే ఈ ఉక్కకు అండర్‌వోల్టింగ్ మేలు. వేగం అలాగే ఉంచి వోల్టేజీని కొంచెం కొంచెంగా తగ్గిస్తే చిప్పు చల్లబడి, తనంతట తానే ఎక్కువసేపు పైవేగంలో నిలుస్తుంది.

సరస్సుకు ఆవలి ఒడ్డున, శ్రీహరికోటలో, దీనికి పూర్తి విరుద్ధమైన ఇంజనీరింగ్ ఉంది. 2024 డిసెంబరు 30న అక్కడి నుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ-సి60లో విక్రమ్ 3201 ప్రాసెసర్‌ను అంతరిక్షంలో పరీక్షించారు. చండీగఢ్ పక్కనే మొహాలీలో 180 నానోమీటర్ల పద్ధతిలో తయారైన ఆ చిప్పు -55 నుంచి 125 డిగ్రీల దాకా పనిచేయాలి. అక్కడ మిగులును పిండరు, కావాలనే వదిలేస్తారు. ఎగిరిన రాకెట్‌ను రీస్టార్ట్ చేయడానికి ఎవరూ ఉండరు.

ఇంటి కంప్యూటర్‌కు ఆ ఇబ్బంది లేదు. సెట్టింగు శ్రుతి మించి తెర నల్లగానే ఉండిపోతే, ప్లగ్ తీసి, బోర్డు మీది నాణెం బ్యాటరీని కొన్ని నిమిషాలు తీసి పెడితే బయోస్ మొదటి విలువలకు వస్తుంది. ఒకసారికి ఒక్క విలువే మార్చి, ప్రతి మార్పునూ కాగితం మీద రాసుకుంటే ఎక్కడ తప్పిందో వెంటనే తెలుస్తుంది.